నాయన గడ్డం, నా తల

మా అమ్మ పోయిన పదో రోజు పొద్దున, మా పల్లె బావి దగ్గర కత్తి నూరుకుని కూర్చున్న మంగలి మామ ముందు నేను కూర్చోనన్నాను. దాయాదులు పాతికమంది దాకా అక్కడే ఉన్నారు. తల్లీతండ్రుల్లో ఎవరు పోయినా కొడుకు పదో రోజున తలా మీసమూ తీయించుకోవాలి. కనిగిరి వైపు మా పల్లెల్లో దాన్ని ఎవరూ ప్రశ్నించరు. నేనేమో గిద్దలూరులో, మార్కాపురంలో, పిలిచిన ప్రతి ఊళ్లో వేదికెక్కి అలాంటివాటినే ప్రశ్నిస్తూ వచ్చిన బడిపంతుల్ని. బతికున్నవాడి వెంట్రుకలు చచ్చిపోయిన మనిషికి ఎట్లా చేరతాయో ఎవరైనా రుజువు చేస్తే కూర్చుంటానన్నాను. ఎవరూ రుజువు చేయలేదు. గెలిచాననుకున్నాను.

నాయన వాదించలేదు. బావి గట్టు మీద నుంచి లేచి, “సరే. నువ్వు మీ యమ్మకు తల ఇచ్చిందాకా నా గడ్డం మీద కత్తి పడదు,” అన్నాడు. మామ వైపు తిరిగి, “కత్తి మూసుకో బావా. ఇంటికి పో,” అన్నాడు.

నాయన సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది. ఆయన వారానికి రెండుసార్లు గడ్డం గీయించుకునే మనిషి. పొలంలో కోతలున్నా సరే, మామ వచ్చాడంటే కొడవలి పక్కన పెట్టి వేపచెట్టు నీడన గొంతుక్కూర్చునేవాడు. గీయడం అయ్యాక పటికరాయి రుద్దించుకుని, చెంప మీద చెయ్యి వేసుకుని కాసేపు ఊరకే ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన నన్నెత్తుకుంటే నా ముక్కుకు తగిలేది ఆ పటిక వాసనే. అలాంటి మనిషి పదకొండేళ్లు గడ్డం పెంచాడు. అది రొమ్ము దాకా దిగింది. సంతలో ఎవరైనా, “ఏంది పెద్దాయనా, సన్నాసుల్లో కలిసినావా?” అంటే, “మా పంతులు చెప్పిన పాఠంరా. మొగానికి తగిలిచ్చుకుని తిరుగుతాండా,” అనేవాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? సభల్లో ఆ గడ్డాన్ని జోకు చేశాను. “మా ఇంట్లోనే ఒక గడ్డం నాకు వ్యతిరేకంగా ఉద్యమం నడుపుతోంది” అంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు నాకు బాగుండేవి. రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు కానీ, నిజం అదే.

పోయిన ఏడు ఎండాకాలంలో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దగా అయింది కానీ పోలేదు. మార్కాపురం తీసుకొచ్చి మా ఇంట్లో ముందు గదిలో మంచం వేశాం. మూతి ఒక పక్కకు జారడంతో తాగించిన గంజిలో సగం గడ్డంలోకే పోయేది. ఎంత కడిగినా లోపల తడి ఆరేది కాదు. గడ్డం కింద చర్మం ఒరిసిపోయి పుళ్లు పడ్డాయి. డాక్టరు చూసి, “ముందు ఈ గడ్డం తీసేయండి. జాగ్రత్త, చర్మం తడిసిన కాగితంలాగా ఉంది,” అన్నాడు.

నాయన తల అడ్డంగా ఊపాడు. ఊపడమంటే భుజాలతో సహా అటూ ఇటూ కదలడం. మా పల్లె బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి తాగి ఆయన మెడ ఎప్పుడో కొయ్యబారిపోయింది. గడ్డం పైకెత్తమంటే ఎత్తలేడు, పక్కకు తిప్పమంటే తిప్పలేడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా ముందు కత్తెరతో కొంత, తర్వాత అంగట్లో దొరికే ప్లాస్టిక్ రేజరుతో మొదలుపెట్టాను. రెండో గీతకే రేజరులో వెంట్రుకలు ఇరుక్కుని చర్మం లేచొచ్చింది. రక్తం చూసేలోపే ఆయన ఎడమ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

“దొంగతనంగానా?” అన్నాడు. “ఏం పంతులా, దొంగతనంగానా?”

నాకు సిగ్గేసింది. అయితే నా అలవాటు ప్రకారం ఆ సిగ్గును కూడా ఒక తర్కంగా మార్చుకున్నాను. నొప్పి పుట్టింది కాబట్టి వద్దంటున్నాడు, నొప్పి లేకుండా గీయగలిగితే ఒప్పుకుంటాడు. ఆయన ఏం కోరుతున్నాడో నాకు తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి, తెలియనిదాన్ని నేర్చుకోవడానికి బయల్దేరాను.

మా మంగలి మామ అప్పటికి మార్కాపురంలోనే ఉంటున్నాడు. కొడుకు బస్టాండు దారిలో సెలూను నడుపుతాడు. తిరిగే కుర్చీలు, ఏసీ, గోడ నిండా అద్దాలు. కొడుకు వాడేది సగానికి విరిచి పెట్టుకునే బ్లేడు. మామ బయట బెంచీ మీద కూర్చుంటాడు. చేతులు వణుకుతాయి, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి.

“నాకు పాత కత్తి నేర్పు మామా,” అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “అరవై దాటినాక కులం మారతావా అల్లుడా? కులం లేదు, గిలం లేదు అని మైకులో అరిస్తివి. ఇప్పుడు చేసి చూపిస్తావా ఏంది?”

“నాయనకు గీయాల.”

మామ నవ్వు ఆగిపోయింది. లేచి సెలూను వెనకున్న ఇంట్లోకి పోయి, పాత పంచె ముక్కలో చుట్టిన మడత కత్తి తెచ్చాడు. పిడి కొమ్ముది. దాంతోనే నలభై ఏళ్లు మా నాయన చెంపలు గీశాడు.

మొదటి పదిహేను రోజులు మొహం మాటే లేదు. నూరడం ఒకటే. సాన రాయిగా ఆయన వాడేది మార్కాపురం గనుల్లోని పలకరాయే, అరచేయంత బిళ్ల. దాని మీద నీళ్లు చల్లి కత్తిని పరుండబెట్టి తోయాలి. అదే రాతి పలకల మీద నేను ముప్పై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించాను, అది ఇనుమును కూడా దిద్దుతుందని తెలియదు. తర్వాత కిటికీ ఊచకు కట్టిన తోలు పట్టీ. దాని మీద కత్తి వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. నేను మరిచిపోయి అంచు ముందు తోసినందుకు పట్టీకి మూడు చోట్ల గాట్లు పడ్డాయి. “తోలు కాబట్టి ఊరకుండాది. నీ మాదిరి వాదించదు,” అన్నాడు మామ.

ఆ తర్వాత లేత బూడిద గుమ్మడికాయ తెచ్చుకోమన్నాడు. దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది. సబ్బు నురగ పట్టించి ఆ నూగు మాత్రం తీయాలి, తోలు తెగకూడదు. తెగితే వెంటనే నీరు ఊరుతుంది, దాచిపెట్టలేం. కూరగాయల అంగట్లో అడిగేసరికి అక్కడి ఆవిడ, “ఏంది సార్, మీరు గూడా ఇంటికి దిష్టి కట్టబడితిరా?” అని పక్క అంగడికి వినబడేట్టు నవ్వింది. వారానికి మూడు కాయల చొప్పున కొన్నాను. గాట్లు పడ్డ కాయలన్నీ ఇంట్లో వడియాలయ్యాయి. “ఈ ఏడు వడియాలు వీధి వీధంతా పంచినా తరగవు. నీ విద్య తొందరగా రానీ,” అంది నా భార్య.

ఆ బెంచీ దగ్గర కూర్చుని నేర్చుకున్నది నేను పుస్తకాల్లో చదవలేదు. కత్తి బరువు కత్తికి చాలు, మన బరువు దాని మీద వేయకూడదు. గీసేది కుడి చెయ్యి కాదు, చర్మాన్ని లాగి బిగించే ఎడమ చెయ్యి. వేడినీళ్ల గుడ్డ మొహాన వేసి తొందరపడకుండా ఆగాలి. వెంట్రుక ఎటు వాలిందో చేత్తో నిమిరి తెలుసుకోవాలి, అది మనిషి మనిషికీ వేరు. “నీకు గెలవాలని ఉంటది అల్లుడా. కత్తి పట్టినాక గెలవాలని ఉండగూడదు,” అన్నాడొకసారి మామ. మామూలుగా అయితే దానికీ ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజు నా చేతిలో కత్తి నా చెంప మీదే ఉంది.

మూడు నెలలయ్యాక నా గడ్డం నేనే మంట లేకుండా గీసుకోగలిగాను. మామ కళ్లు మూసుకుని వణికే వేళ్లతో నా రెండు దవడలూ తడిమాడు. “చెయ్యి కుదిరింది,” అన్నాడు. నేను పొంగిపోయేలోగా, “కత్తి వచ్చినంత మాత్రాన గడ్డం రాదు అల్లుడా. ఆయనడిగింది నీ తల,” అన్నాడు.

ఆ రోజే ఇంటికొచ్చి నాయన మంచం పక్కన వేడినీళ్లు, నురగ, కత్తి సర్దుకుని కూర్చున్నాను. ఆయన కత్తిని గుర్తుపట్టాడు. పిడి మీద ఎడమ చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత నా తల వైపు చూశాడు.

“ముందు నీది.”

“నాయనా, అమ్మకు అది చేరదు. నీకు చెప్పినాను గదా.”

“చేరదని నాకూ తెలుసురా.”

నేను ఆ మాట ఊహించలేదు. పదకొండేళ్లుగా ఆయన నమ్మకంతో కొట్లాడుతున్నానని అనుకున్నాను. ఆ నమ్మకం ఆయనకే లేదు.

“మరి?”

“నేను చూడాల,” అన్నాడు. “నీకు అమ్మ పోయిందని నేను చూడాల.”

నేను అక్కడే, అప్పుడే లేచి పోయి తల గీయించుకుని రావలసినవాణ్ణి. రాలేదు. నేను ఏడ్చానని ఆయనకు తెలియదా, నా దుఃఖానికి బోడితల సాక్ష్యం కావాలా అని లోపల్లోపల ఉడికిపోయాను. ఇన్నేళ్లు నన్ను నమ్మిన కుర్రవాళ్లు, సభల్లో నా మాట విని తమ ఇళ్లలో తిట్లు తిన్నవాళ్లు, రేపు నన్ను బోడితలతో చూస్తే ఏమంటారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మరో రెండు నెలలు గడిపేశాను. పుళ్లు ముదిరాయి.

వానాకాలం చివర్లో నాయనకు పక్షవాతం ఇంకోసారి వచ్చింది. ఈసారి చిన్నదేనన్నారు. వారానికే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. జ్ఞాపకం కొంచెం అటూ ఇటూ అవుతుందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడో అమ్మేసిన బర్రెకు మేత వేశారా అని నాయన అడిగితే నవ్వుకున్నాం. అమ్మ గురించి ఒక్కమాటా అడగలేదు. అడగలేదు కాబట్టి అది గుర్తుందనే అనుకున్నాను. ఇంత తర్కం చదివినవాణ్ణి, అడగకపోవడానికి రెండు కారణాలుంటాయని నాకు తోచలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున నా భార్య ఆయనకు జావ తాగిస్తోంది. నాయన తన ఎడమ చేత్తో గడ్డాన్ని తనే పక్కకు పట్టుకుని, అందులో పడకుండా జావ మింగడానికి తంటాలు పడుతున్నాడు. నేను చూస్తున్నానని గమనించి, తప్పు చేసి దొరికినవాడిలాగా చెయ్యి వదిలేశాడు. చెప్పులు వేసుకుని సెలూనుకు నడిచాను.

విషయం చెప్పగానే మామ కళ్లు తుడుచుకున్నాడు. కానీ నేను ముందు మీసానికి నురగ పట్టించుకోవడం చూసి నా చెయ్యి పట్టుకున్నాడు.

“తల చేసుకో. మీసం ఉంచు అల్లుడా. చావు పదో రోజుకు తప్పిస్తే, నాయన బతికుండంగ మీసం తీసేది మనలో లేదు. చూసినోళ్లు ఏమనుకుంటారు?”

“చూసేది ఒక్కడే మామా.”

“ఆ ఒక్కడి గురించే చెప్తాండా.”

నేను వినలేదు. ఒక ఆచారానికి లొంగబోతూ ఇంకో ఆచారాన్ని ధిక్కరించడం నాకు కొంత గౌరవంగా కూడా తోచింది. ఇచ్చేదేదో పూర్తిగా ఇవ్వాలి, పదకొండేళ్ల కిందట బావి దగ్గర ఇవ్వవలసింది తలా మీసమూ రెండూ అనుకున్నాను. మీసం నేనే తీసుకున్నాను. తల ముందు భాగం నేనే గీసుకున్నాను. వెనకవైపు మామ కొడుకు పూర్తి చేశాడు. ఒక్క గాటు పడలేదు. అద్దంలో మా నాయన తమ్ముడు ఎవరో కూర్చున్నట్టుంది.

ఇంటికొచ్చి మంచం ముందు నిలబడ్డాను. “నాయనా, ఇదో, చూడు,” అన్నాను.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. పైపెదవి చూశాడు, తల చూశాడు. సంతోషం కోసం వెతుకుతున్న నాకు ఆ మొహంలో రంగు దిగిపోవడం కనిపించింది.

“ఎప్పుడు పోయింది?” అన్నాడు.

నాకర్థం కాలేదు.

“మీ యమ్మ. ఎప్పుడు పోయిందిరా? నాకెందుకు చెప్పలేదు?”

నా భార్య చేతిలోని చెంబు కింద పెట్టేసింది. నేను మంచం మీద కూర్చుని, అమ్మ పోయి పదకొండేళ్లయిందని, బావి దగ్గర ఆయన పట్టిన పట్టు కోసమే ఇప్పుడు తల ఇచ్చానని మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పాను. బడిలో చెప్పినట్టు చెప్పాను. ఆయన వినలేదు.

“అబద్దం. నీ మొగం చెప్తాంది గదా. గుండు ఇయ్యాల్టిదే,” అన్నాడు.

జీవితమంతా జనాన్ని రుజువు చూపించమని అడిగినవాణ్ణి. ఆయన రుజువు చూపించాడు. మా వైపు మనిషి మొహం చూసి చావు చదువుకోవడం ఎప్పటి నుంచో ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు, బస్సు దిగిన మనిషికి మీసం లేకపోతే, “అయ్యో, ఎప్పుడప్పా?” అంటారు. తలనీలాలు పైలోకానికి చేరతాయన్నది బూటకమే, ఇప్పుడూ అంటాను. కానీ బతికున్నవాడికి అవి చేరతాయి. పదకొండేళ్లు చేరాల్సిన చోటికి చేరకుండా చేసి, ఆయన మరిచిపోయాక తీసుకొచ్చి ఇచ్చాను. మా నాయన అడిగింది నా దుఃఖం చూడాలని. నేను ఆయనకు ఆయన దుఃఖమే మళ్లీ మొదటి నుంచీ పెట్టాను.

ఆయన ఎడమ చేత్తో కళ్లు మూసుకుని ఏడ్చాడు. తర్వాత, “ఇయ్యాల పదో రోజా?” అన్నాడు.

“ఊ,” అన్నాను. జీవితంలో నేను తెలిసి చెప్పిన మొదటి అబద్ధం అది కాకపోవచ్చు. అంత చిన్నది మాత్రం ఇంకోటి చెప్పలేదు.

“నాకూ చెయ్యమను. బావ యాడున్నాడు?”

“నేను చేస్తా నాయనా.”

“నీకు వచ్చా?”

“నేర్చుకున్నా.”

కత్తెరతో పొడుగు తగ్గించాను. వేడినీళ్ల గుడ్డ వేసి ఆగాను. నురగ పట్టించాను. ఆయన మెడ ఎత్తలేడు కాబట్టి నేనే మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దవడ కింద నుంచి పైకి చూస్తూ గీశాను. పుండున్న చోట వెంట్రుక వాలిన వైపే, గోరంత గోరంత. పదకొండేళ్ల కింద దాచిన మొహం కొద్ది కొద్దిగా బయటికొచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. గదవ మీద నేను మరిచిపోయిన చిన్న మచ్చ ఉంది.

“నొప్పి లేదు,” అన్నాడు నాయన. “బావ చెయ్యి మాదిరే ఉంది.” నేను కత్తి కడుగుతుంటే, “పోయే ముందు ఏమన్నా తినిందా?” అన్నాడు.

“మజ్జిగ తాగింది నాయనా.” అది నిజమే.

మర్నాడు పొద్దున నన్ను చూసి మళ్లీ అడిగాడు, “ఎప్పుడు పోయింది?” ఆ మర్నాడు తలకు తుండు చుట్టుకుని, కరోనా నాటి మాస్కు మూతికి తగిలించుకుని పోయాను. మొహం కనబడని మనిషి కత్తి పట్టుకుని రావడం చూసి భయపడి అరిచాడు. మాస్కు తీశాను. మళ్లీ అడిగాడు. నా మీసం మొలిచేదాకా ప్రతి పొద్దునా మా ఇంట్లో మా అమ్మ చనిపోతూనే ఉంది. ఏడ్చే మనిషికి గీయడం మామ నాకు నేర్పలేదు, ఆయనకూ ఎప్పుడూ అవసరం పడలేదేమో. బుగ్గ ఎప్పుడు అదురుతుందో తెలియదు. కన్నీళ్లకు నురగ జారిపోతుంది. కత్తి పైకెత్తి, ఆయన ఆగేదాకా ఆగి, మళ్లీ నురగ పట్టించి మొదలుపెట్టడం నాకు నేనే నేర్చుకున్నాను.

మూడు వారాలకు మీసం నల్లగా, తెల్లగా మొలిచింది. తల మీద కూడా నూగు వచ్చింది. ఆ పొద్దున నాయన నన్ను చూసి ఏమీ అడగలేదు. పుళ్లు మానిపోతున్నాయి. వేడి గుడ్డ తీసి నురగ పట్టిస్తుంటే తలుపు వైపు చూశాడు.

“మీ యమ్మ యాడికి పోయింది? పొద్దున్నించి కనపడలే.”

నా భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది.

“పొలానికి పోయింది నాయనా,” అన్నాను.

“తొందరగా కానీ మరి. ఆమె వచ్చేలోగా అయిపోవాల.”

“అయిపోతది,” అన్నాను. ఒక పక్క అయింది. గుడ్డకు కత్తి తుడిచి, మంచం చుట్టూ తిరిగి రెండో పక్కకు వెళ్లి కూర్చున్నాను.